షాఫ్టు కింద స్టూలు

ఆ ఆదివారం ఉదయం చిన్ని వేసుకున్న ప్లానులో వంక పెట్టడానికేమీ లేదు. ముందు కాఫీలు. తర్వాత భర్తగారు షాఫ్టు పరీక్ష ముగిస్తారు. భోజనాల వేళకి ఫ్యాక్టరీ యజమాని వచ్చి, చూసి, సరేనంటారు. తిన్నాక ఇద్దరూ బజారుకెళ్ళి వంటింటి కిటికీకి కర్టెన్లు కొనుక్కుంటారు. పసుపుపచ్చవా, ఆకుపచ్చవా అన్నదొక్కటే ఇంకా తేలలేదు. కాపురం పెట్టి నిండా మూడు నెలలు కాలేదు. ఒకే రకం కప్పులు రెండు పక్కపక్కన బోర్లించి కనిపిస్తే చాలు, చిన్నికి పొద్దున్నే కూనిరాగం వచ్చేసేది. తలుపులో తాళంచెవి తిరిగిన చప్పుడయితే ఇంకో రాగం.

షాఫ్టు మాత్రం ముందురోజు సాయంత్రమే ఇంట్లోకి వచ్చింది. మణికట్టంత లావు, మనిషంత పొడుగు ఉక్కు కడ్డీ. దాన్ని బిగించిన ఇనుప బల్లతో సహా నలుగురు మనుషులు మెట్లమీదుగా మోసుకొచ్చి, ముందుగదిలో దించి, రొప్పుతూ వెళ్ళిపోయారు. ఇల్లు చిన్నది కావడంతో కడ్డీలో చాలా భాగం తలుపులోంచి బాల్కనీలోకి పొడుచుకొచ్చింది. ఇప్పుడు బాల్కనీలోకి వెళ్ళాలంటే నడుం వంచి దాని కిందనుంచి దూరాలి. వారం రోజులుండి వెళ్దామని మామగారితో కలిసి వచ్చిన అత్తగారు, దూరిన ప్రతిసారీ "అమ్మా, నా నడుమో!" అని ఇల్లంతటికీ వినబడేలా చెబుతున్నారు.

"ఇలా చూడు చిన్నీ," అని భర్త ఆమెకి వివరించాడు. ఆయన మిషన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. కొత్తగా చేరాడు. "బట్టల మిల్లులో బట్టని చుట్టచుట్టే మిషనుకి ఇది. ఈ కొసన రెండు బేరింగులు పట్టుకున్నాయి. ఆ కొసన పట్టుకునేవాళ్ళు లేరు. చుట్ట బరువు పడగానే ఆ కొస కిందికి వంగుతుంది."

"అయ్యో పాపం!"

"పాపమేంటి? ఉక్కు అది."

"ఉక్కయితే మాత్రం? పట్టుకునేవాళ్ళు లేకపోతే ఎవరైనా వంగుతారు." చిన్ని కడ్డీని ఒకసారి నిమిరింది. "ఆ కొసన కూడా ఏదో ఒకటి పెట్టెయ్యొచ్చుగా?"

"పెడితే చుట్టని బయటికెలా లాగుతారు? అటు ఏ అడ్డూ ఉండకూడదని మిషను కొనే మిల్లాయన మొదట్లోనే చెప్పాడు. వంగుడు రెండు మిల్లీమీటర్లలోపు ఉంటే బట్ట ముడతపడదు. ఇది పాసయితే నా ఉద్యోగం పర్మనెంటు. కాకపోతే..."

కాకపోతే ఏమిటో చిన్నికి చెప్పక్కర్లేదు. యజమాని ఆ మాట ముఖానే అనేశాడు: ఈ పరీక్షలో తప్పితే ఇంకో ఫ్యాక్టరీ చూసుకో అని.

ఫ్యాక్టరీలో ప్రెస్సుల దడదడకి కొలిచే సూది ఒక్కచోట నిలవదని ఆయన పరీక్షని ఇంటికి తెచ్చుకున్నాడు. వంటింటి కిటికీ బాల్కనీలోకే తెరుచుకుంటుంది. ఆ కిటికీ చువ్వలకి గడియారంలాంటి ఒక డయలు బిగించి, దానిలోంచి బయటికొచ్చిన మొన షాఫ్టు కొసకి ఆనేలా పెట్టాడు. కొస వెంట్రుకంత కదిలినా డయలు మీద సూది చెప్పేస్తుంది. వంటింట్లో నిలబడితే డయలూ, షాఫ్టు కొసా కనిపిస్తాయి. అంతకన్నా కింద ఏముందో గోడ కనిపించనివ్వదు.

"పరీక్షయ్యేదాకా ఎవరూ బాల్కనీలోకి వెళ్ళకండి. పిచ్చుక వాలినా సూది కదులుతుంది," అని ఇల్లంతటికీ హెచ్చరిక చేసి, నిండు బక్కెట్టు నీళ్ళు షాఫ్టు కొసకి తాడుతో వేలాడదీసి, మునివేళ్ళ మీద వంటింట్లోకి వచ్చాడు. సూది మెల్లగా జరిగింది. ఒకటి దాటింది. రెండు దగ్గర ఆగింది. కాదు, రెండు దాటి వెంట్రుకవాసి అవతల ఆగింది.

ఆయన ముఖం చూసి చిన్ని సర్దిచెప్పబోయింది.

"వెంట్రుకంతే కదండీ!"

"వెంట్రుక దాటినా దాటినట్టే. ఎక్కడో పొరపాటు చేశాను. తలమీద నాలుగు చెంబులు పోసుకుంటే గానీ బుర్ర పనిచెయ్యదు." తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు.

చిన్ని చదివింది బోటనీ. తీగ వాలిపోతుంటే పక్కన ఒక పుల్ల పాతాలని మాత్రం ఆమెకి బాగా తెలుసు. వెంట్రుకంత సాయం చేస్తే తప్పేముంది? వంటింటి స్టూలు పట్టుకుని షాఫ్టు కిందనుంచి దూరింది. స్టూలు బక్కెట్టు పక్కన, కొస కిందికి పెట్టి, దానిమీద తన డిగ్రీ పుస్తకాలు నాలుగు పేర్చింది. ఇంకా కొంచెం ఖాళీ ఉంది. పంచగా మిగిలిపోయిన పెళ్ళి శుభలేఖల కట్ట గుర్తొచ్చి తెచ్చింది. బక్కెట్టుని మోకాలితో పైకెత్తి పట్టి, ఒక్కో శుభలేఖా దూర్చింది. డయలు ముఖం వంటింటివైపు ఉంది కనక ఎంత దూరిస్తే వెంట్రుకంత అవుతుందో ఆమెకి తెలిసే దారి లేదు. బిగిసేదాకా దూర్చి, మోకాలు తీసేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి పొయ్యి ముందు నిలబడింది.

తల తుడుచుకుంటూ వచ్చిన భర్త డయలు చూసి తువ్వాలు వదిలేశాడు.

"సున్నా!"

"మంచిదేగా?" అంది చిన్ని, గొంతు సరిచేసుకుంటూ.

"బక్కెట్టు వేలాడుతోంది. షాఫ్టు వంగడంలేదు. అస్సలు వంగడంలేదు! ఇది మామూలు ఉక్కు కాదు చిన్నీ. కాసేపటికి బిగుసుకునే రకమేమో! ఎక్కడా చదవలేదే!"

"బయటికెళ్ళి ఓసారి చూడరాదురా?" అన్నారు అత్తగారు గుమ్మంలోంచి.

"చూడటానికే కదమ్మా డయలు పెట్టింది!"

"ఏమండీ, ఒక్క మాట," అంటూ చిన్ని నోరు తెరిచేసరికే ఆయన ఫోను చెవికి ఆనించాడు. "సార్! సున్నా సార్! అవున్సార్, బరువుతోనే. అస్సలు వంగడంలేదు!" అవతలినుంచి యజమాని గొంతు వంటింట్లో అందరికీ వినిపించింది. "మిల్లాయన నా పక్కనే ఉన్నాడు. ఇద్దరం ఇప్పుడే బయలుదేరుతున్నాం. కదిలించకు దాన్ని!"

చిన్ని వెంట్రుకంత సాయం చేద్దామనుకుంటే సాయం కాస్తా ప్రపంచ వింతయి కూర్చుంది. వాళ్ళు వచ్చేలోగా శుభలేఖలు లాగేస్తే చాలు, మళ్ళీ రెండు దగ్గరికి వస్తుంది, తర్వాత సంగతి తర్వాత. భర్త పక్కగదిలో కాగితాలు ముందేసుకుని లెక్కల్లో మునిగేదాకా ఆగి, పిల్లిలా బాల్కనీలోకి దూరింది.

ఈలోగా జరిగిన సంగతి ఆమెకి తెలియదు. కుళాయిలో నీళ్ళు ఆగిపోయాయి. ఇల్లు తుడుస్తున్న అత్తగారికి నీళ్ళు కావలసివచ్చాయి. గాల్లో నిండు బక్కెట్టు ఊరికే వేలాడుతుంటే ఆవిడ చూస్తూ ఊరుకునే మనిషి కాదు. సగం వంచుకుపోయారు.

అందుకే బక్కెట్టుని మోకాలితో ఎత్తినప్పుడు చిన్నికి ఇందాకటికన్నా చాలా తేలిగ్గా అనిపించింది. పెళ్ళయ్యాక తనకి బలం వచ్చిందనుకుని కాస్త మురిసింది కూడా. శుభలేఖలు లాగేసి జాకెట్టు చేతుల్లో దాచుకుని, స్టూలూ పుస్తకాలూ మోసుకెళ్ళే వ్యవధి లేక అక్కడే వదిలేసి వచ్చింది.

"చిన్నీ! ఒకసారి రా!"

సూది ఒకటి మీద ఉంది.

రెండు ఉండాలి కదా! చిన్ని కళ్ళు నులుముకుని చూసింది. అయినా ఒకటే. తను పెట్టింది తీసేసింది. తీసేస్తే మొదటికి రావాలి. రాలేదంటే నిజంగానే ఈ ఉక్కులో ఏదో ఉందా?

"రెండు, సున్నా, ఒకటి," అని భర్త వేళ్ళు మడిచాడు. "దీనికేమైనా ప్రాణం ఉందంటావా?"

"నాకూ అదే అనుమానంగా ఉందండీ," అంది చిన్ని. ఆ రోజు ఆమె చెప్పిన మొదటి నిజం అదే.

సరిగ్గా అప్పుడే మామగారు ఎండకోసం బాల్కనీలోకి దూరారు. ఆయన తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. తక్కువ తూకం వేసే దుకాణదార్లు ఆయన నీడ కనిపిస్తే తలుపులు మూసుకునేవారు. స్టూలు ఆయన కంటికి ఆనలేదు గానీ, సగం బక్కెట్టు చూసి కళ్ళు ఎర్రబడ్డాయి. నిండు బక్కెట్టని చెప్పి సగం వేలాడదీస్తాడా? సొంత కొడుకు! సొంత ఇంట్లో! పిలిచి అడిగితే కొత్తకోడలి ముందు వాడి పరువు పోతుంది. నీళ్ళు పోద్దామంటే కుళాయి రావడంలేదు. పూలకుండీల కింద ఎత్తుకోసం పెట్టిన ఇటుకలు కనిపించాయి. ఒక్కొక్కటీ చేత్తో తూచి చూసుకుని బక్కెట్టులోకి దించారు. తక్కువ తూకం అన్న మాట మళ్ళీ రాకూడదని మిగిలినవి కూడా దించేశారు. చేతులు దులుపుకుని, మనసు తేలికపడి, లోపలికొచ్చి కూర్చున్నారు.

సూది మూడు దాటింది.

ఇంజనీరు ఈసారి అరవలేదు. దానికే చిన్నికి ఎక్కువ భయం వేసింది. మెల్లగా వంటింటి గట్టుకి జారగిలబడి, "అయిపోయింది చిన్నీ," అన్నాడు. "సున్నా అని చెప్పాను. నన్ను నమ్మి మిల్లాయన్ని వెంటబెట్టుకొస్తున్నారు. రేపటినుంచి నాకు ఫ్యాక్టరీలో ముఖం లేదు." యజమానికి ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు.

"నేను ఒకటి చెప్పాలండీ..."

"ఏం చెప్తావు? నువ్వేం చేశావు పాపం?"

ఆ 'పాపం' విన్నాక చిన్ని తుడిచిన పొయ్యినే మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

ఇదంతా అత్తగారు గుమ్మంలో నిలబడి విన్నారు. మిల్లీమీటర్లూ, డయల్లూ ఆవిడకి పట్టవు. కొడుకు ఉద్యోగం కిందికి వంగుతోంది, పైకెత్తాలి. అంతవరకూ బాగా అర్థమైంది. తలుపు కొట్టుకోకుండా కింద దూర్చే ఏటవాలు చెక్కముక్క ఒక చేత్తో, అప్పడాల కర్ర ఒక చేత్తో పట్టుకుని, ఈసారి నడుం మాటే ఎత్తకుండా షాఫ్టు కింద దూరారు. అక్కడ స్టూలూ, దానిమీద పుస్తకాలూ సిద్ధంగా కనిపిస్తే ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. కొత్త కాపురంలో ఏ వస్తువు ఎక్కడుంటుందో ఎవరు చెప్పగలరు? బక్కెట్టువైపు చూడనైనా చూడకుండా, పుస్తకాలకీ షాఫ్టుకీ మధ్య చెక్కముక్క పెట్టి అప్పడాల కర్రతో కొట్టారు. టక్. టక్. టక్.

"ఏంటా చప్పుడు?" అన్నాడు ఇంజనీరు.

"పైవాటా వాళ్ళేమోనండీ," అంది చిన్ని.

"మనదే పైవాటా."

ఇద్దరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత డయలు చూశారు. సూది మూడు నుంచి రెండుకి వచ్చింది. ఒకటి దాటింది. సున్నా చేరింది. అక్కడా ఆగకుండా సున్నాకి అవతలి పక్కకి వెళ్ళి నిలబడింది.

"పైకి వంగింది," అన్నాడు ఇంజనీరు, నిద్రలో మాట్లాడే మనిషిలా. "బరువు కిందికి లాగుతుంటే షాఫ్టు పైకి లేస్తోంది. చిన్నీ, ఇప్పుడు భూమి మనల్ని లాగుతోందా, నెడుతోందా?"

జవాబు చెప్పేలోగా కాలింగ్ బెల్ మోగింది.

యజమాని పొడుగ్గా, విసుగ్గా ఉన్నాడు. మిల్లాయన పొట్టిగా, కుతూహలంగా ఉన్నాడు. ఇద్దర్నీ వంటింట్లోకి తీసుకెళ్ళి డయలు చూపించారు. యజమాని కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. తీసి తుడుచుకుని చూశాడు.

"ఏమయ్యా, ఇది ఎటు వంగినట్టు?"

"పైకి సార్."

"పైకా?"

"ఇందాక కిందికి సార్. అంతకుముందు ఎటూ వంగలేదు సార్."

యజమాని నోరు తెరిచేలోగా బాల్కనీలోంచి మిల్లాయన కేక వినిపించింది. బాల్కనీలోకి వెళ్ళకూడదన్న హెచ్చరిక ఆయనకి ఎవరూ చెప్పలేదు. పొట్టి మనిషి కనక నడుం వంచే అవసరమూ పెద్దగా పడలేదు. "ఇటు రండి! ఇదేదో కొత్తగా ఉందే!"

అందరూ ఒకరి వెనక ఒకరు వంగి దూరారు. ఎవరి మట్టుకు వాళ్ళు తాము చేసింది ఒకటే కనిపిస్తుందనుకుని వచ్చి, మిగతాది చూసి బిత్తరపోయారు. స్టూలు. పుస్తకాలు. చెక్కముక్క. ఇటుకలతో పొంగిపోతున్న బక్కెట్టు. ఇటుకలు చూసి అత్తగారు ముక్కున వేలేసుకున్నారు. చెక్కముక్క చూసి మామగారు కళ్ళు చిట్లించారు. చిన్నికయితే, తన స్టూలు తను లేనప్పుడు పిల్లల్ని పెట్టిందా అనిపించింది.

"మీ ఇంట్లో బోటనీ ఎవరు చదివారు?" అన్నాడు యజమాని, పుస్తకాలవైపు చూస్తూ.

"ఎవరో చదివారండీ," అంది చిన్ని.

"ఏమయ్యా, ఏంటిదంతా?"

"నాకు తెలీదు సార్. నిజంగా తెలీదు."

"నీ ఇంట్లో, నీ షాఫ్టు కింద స్టూలుంటే నీకు తెలీదా?"

"నేను డయలు చూస్తున్నాను సార్."

యజమాని ముఖం ఎర్రబడింది. "సున్నా అని చెప్పి నన్ను పరిగెత్తించావు. కింద స్టూలు పెట్టి సున్నా ఎవడైనా చూపిస్తాడు. ఇది మోసం. రేపటినుంచి నువ్వు..."

"నేనే పెట్టాను!" చిన్ని ముందుకొచ్చింది. ఆమె చెయ్యెత్తేసరికి జాకెట్టు చేతుల్లోంచి శుభలేఖలు ఒక్కొక్కటే రాలాయి. "ఆయనకేం తెలీదు. స్నానం చేస్తున్నారు. కాస్త సాయం చేద్దామని పెట్టాను. మళ్ళీ తీసేశాను కూడా. ఆయన్నేమీ అనకండి."

"నువ్వు పెట్టడమేంటే అమ్మాయ్? పెట్టింది నేను!" అత్తగారు అప్పడాల కర్ర పైకెత్తి చూపించారు. "సగం నీళ్ళు తీసుకుందీ నేనే. అనేదేదో నన్నను బాబూ."

"నీళ్ళు తీసింది నువ్వా?" మామగారు భార్యవైపు తిరిగారు. "ఆ లోటు పూడ్చడానికే కదే నేను ఇటుకలు పోసింది! తక్కువ తూకం నా కొడుకు వేశాడని కుమిలిపోయాను!"

ఇంజనీరు మాత్రం వేళ్ళు మడుస్తున్నాడు. "శుభలేఖలతో సున్నా. సగం నీళ్ళతో ఒకటి. ఇటుకలతో మూడు. చెక్కతో పైకి." ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది. "అయితే ఉక్కులో ఏ మాయా లేదు సార్! అన్నీ లెక్కలోనే ఉన్నాయి!"

"సంతోషం. ఇవన్నీ తీసేసి, నిండు బక్కెట్టు పెడితే ఎంత వంగుతుంది?"

రెండు అని చెప్పేస్తే పోతుంది. వెంట్రుక సంగతి ఈ ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. భర్త చిన్నివైపు చూశాడు.

"రెండు దాటి వెంట్రుకవాసి సార్."

"అంటే తప్పినట్టే."

"అవున్సార్."

చిన్నికి ఏడుపొచ్చింది. కానీ ఆ 'అవున్సార్' విన్నాక మొగుడు ఎంత ముద్దొచ్చాడంటే, ఏడుపు కాసేపు ఆగింది.

ఈ గొడవతో ఏ సంబంధమూ లేనట్టు మిల్లాయన స్టూలు ముందు గొంతుక్కూర్చుని ఆడుకుంటున్నాడు. చెక్కముక్క లాగాడు. షాఫ్టు దబ్బున దిగి, బక్కెట్టులోంచి నీళ్ళు చింది యజమాని బూట్లు తడిశాయి. మిల్లాయన స్టూలు పక్కకి జరిపాడు. షాఫ్టు కొసనుంచి లేని చుట్టనొకదాన్ని రెండు చేతులా లాగి భుజానికెత్తుకున్నట్టు అభినయించాడు. స్టూలు మళ్ళీ జరిపి చెక్కముక్క దూర్చాడు. షాఫ్టు బుద్ధిగా పైకి లేచింది.

"ఇదేనయ్యా నాకు కావలసింది!" అన్నాడు లేచి నిలబడి. "మిషను తిరిగేటప్పుడు కింద నిలబడాలి. చుట్ట తీసేటప్పుడు పక్కకి తప్పుకోవాలి. అటు అడ్డు వద్దన్నానే గానీ, అడ్డు తప్పుకుంటుందని నాకెవరు చెప్పారు? పైగా ఇన్ని ఇటుకలు మోసింది. ఇంకా పెద్ద చుట్టలు చుట్టొచ్చు. నాకు ఇలాంటి మిషన్లే కావాలి."

యజమాని తడిసిన బూట్లు చూసుకున్నాడు. మిల్లాయన్ని చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"మా ఉద్దేశం కూడా అదేనండీ," అన్నాడు. తర్వాత ఇంజనీరు వైపు తిరిగి, "ఏమయ్యా, మిల్లాయన అడుగుతుంటే చెప్పవేం? చెక్క మీద షాఫ్టు తిరిగితే అరిగిపోదూ?"

"చెక్క బదులు రెండు చిన్న చక్రాలు పెడితే వాటి మీద తిరుగుతుంది సార్. కానీ సార్, ఈ ఆలోచన నాది కాదు. ఎవరిదో కూడా నాకు సరిగ్గా తెలీదు."

"తెలీకపోతే తెలుసుకో. నీకు జీతం అందుకే. రేపు పొద్దున ఆ చక్రాల బొమ్మ గీసి తీసుకురా. నీ పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టి ఉంచుతాను."

వాళ్ళు మెట్లు దిగిన చప్పుడు ఆగేదాకా బాల్కనీలో ఎవరూ కదల్లేదు. ఆగగానే అత్తగారు అప్పడాల కర్ర చంకలో పెట్టుకుని, "చెక్క పెట్టాలని నాకు తోచబట్టి సరిపోయింది," అన్నారు.

"స్టూలు లేకపోతే చెక్క దేనిమీద పెట్టేవారత్తయ్యా?" అంది చిన్ని, వీలైనంత వినయంగా.

"ఇటుకలు లేకపోతే అసలు పెట్టే అవసరమే వచ్చేది కాదు. ఆయన మెచ్చుకున్నది ఇటుకల్ని," అన్నారు మామగారు.

ఆ షాఫ్టుని నిలబెట్టింది తామేనని ముగ్గురూ ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఉద్యోగం మాత్రం నాలుగోవాడికి ఖాయమైంది.